మాస్కు తీసే కోడలు

ఆస్పత్రి ప్రెషర్ ఛాంబర్‌లో నర్సుగా పనిచేసే కోడలికి ఆరోజు వచ్చిన పేషెంటు సొంత మామగారే. కాలిపుండు మానడానికి ఆయన్ని గాలి ఒత్తిడి బాగా పెంచిన ఆ ఇనుప గదిలో కూర్చోబెట్టి మాస్కుతో ఆక్సిజన్ పెట్టారు. అంత ఒత్తిడిలో దాన్ని ఏకధాటిగా పీలిస్తే మెదడు మీద దెబ్బకొట్టి ఫిట్స్ తెప్పిస్తుంది. అందుకే మధ్యలో గంట మోగినప్పుడల్లా మాస్కు తీసి కాసేపు మామూలు గాలి పీల్చాలి.

గంట మోగింది.

“మామయ్యా, మాస్కు తీయండి.”

“ప్రాణవాయువుకి కూడా రేషనా? నేను తియ్యను.”

ఆమె లాగేసింది.

“మామ మొహం మీద చెయ్యేస్తావా? ఇంటికి రా, నీ సంగతి చెప్తా.”

“చెప్పడానికి మీకు మెదడు మిగలాలిగా. దాన్ని భద్రంగా ఇంటికి చేర్చే పూచీ నాది. తర్వాత ఎంతైనా తిట్టండి.”

మర్నాడు గంట మోగగానే మామగారు రెండు చేతులతో మాస్కును మొహానికి అదిమిపట్టుకున్నారు.

కోడలు చొక్కా చేతులు పైకి మడిచింది.