లెక్కలోకి తీసుకోని నిమిషం

ముందుగా రూఢిగా తెలిసినవి చెబుతాను. నల్లగండ్లలోని మా ఇంటి హాల్లో ఉన్న ఫోటో గోల్కొండ కోటలో, ప్రవేశద్వారపు గుమ్మటం కింద తీసినది. కెమెరా నాది. అందులో నవ్వుతున్నది నా భార్య. తీసినవాడు మాత్రం నా తోడల్లుడు. ఆ గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ కొమ్మునున్న బారాదరి మండపంలో వినిపిస్తుందన్నది అప్పటికి నాకు వినికిడి మాత్రమే. ఆ నవ్వుకు కారణమేమిటన్నది ఇప్పటికీ అంతే.

మొన్న గోడలకు రంగులు వేయించి ఫోటోను తిరిగి తగిలిస్తుంటే, స్టూలు పట్టుకోవడానికి వచ్చిన వాచ్‌మన్ దానివంక చాలాసేపు చూశాడు.

“మేడం గిట్ల నవ్వంగ నేనెన్నడు జూడలే సార్. మీరే దీసిన్రా?”

“కెమెరా నాదే,” అన్నాను. మూడేళ్లుగా అడిగినవారందరికీ ఇదే జవాబు. ఇందులో ఒక్క అక్షరమూ అబద్ధం కాదు.

నేను భౌతికశాస్త్రం చదివి, హైటెక్ సిటీలో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తున్నాను. అదే శ్రద్ధతో ఫోటోలూ తీస్తాను. కాంతి చూసి, దూరం చూసి, గడ్డం కాస్త ఎత్తమని చెప్పి మీట నొక్కేసరికి, నా భార్య ముఖం పాస్‌పోర్టు కోసం కూర్చున్నట్టు తయారవుతుంది. కూకట్‌పల్లిలో ఉండే తోడల్లుడికి ఈ శ్రద్ధలేవీ లేవు. అతను ఉన్నచోట జనం నవ్వుతారు. ఒక పెళ్లిలో అతని చుట్టూ ఎన్నిసార్లు నవ్వారో లెక్కపెట్టి, భోజనాల దగ్గర విసుగొచ్చి మానేశాను.

ఆ శీతాకాలపు ఆదివారం, మరదలికి జ్వరంగా ఉండడంతో మేం ముగ్గురమే కోట చూడడానికి వెళ్లాం. గుమ్మటం కింద ఒక గైడు చప్పట్లు కొట్టాడు. కొండమీద ఎవరో చేయి ఊపారు. వాళ్లకు చప్పుడు వినిపించిందో, కింది గుంపును చూసి ఊపారో ఎవరికి తెలుసు? నేను పైకి వెళ్లేట్టు, నా భార్య ఇరవై నిమిషాలపాటు నిమిషానికొకసారి చప్పట్లు కొట్టేట్టు ఏర్పాటు చేశాను. మధ్యలో తనకు తోచిన కొన్ని నిమిషాలు నాకు చెప్పకుండా వదిలేసి, కొట్టినవాటికి కాగితం మీద టిక్కు పెట్టాలి.

“అందరూ చూస్తారండీ, నాకు సిగ్గు.”

“సిగ్గుకు ఇందులో గడి లేదు,” అన్నాను.

“మీరు నిశ్చింతగా ఎక్కండి అన్నయ్యగారూ, వదినగారి చేత కొట్టించే పూచీ నాది,” అన్నాడు తోడల్లుడు. “ఆ కెమెరా ఇలా ఇవ్వండి, బరువెందుకు?”

కాగితానికీ కలానికీ రెండు చేతులూ కావాలి కనుక ఇచ్చాను. ఆ పొరపాటు పూర్తిగా శాస్త్రీయ కారణాలతోనే జరిగింది.

పైన గాలి బలంగా వీస్తోంది. దూరాన మా ఆఫీసుల అద్దాల భవనాలు ఎండకు మెరుస్తున్నాయి. చప్పట్లు వినిపించాయి. సన్నగా, గోరుతో పలకను తట్టినట్టు, కానీ స్పష్టంగా. పన్నెండో నిమిషం ఎదుట మాత్రం ఇలా రాసుకున్నాను: “ఏదో వినిపించింది. చప్పట్లు కాదు. లెక్కలోకి తీసుకోలేదు.”

ఇంటికొచ్చాక కెమెరాలో ఆ ఫోటో చూశాను. కాగితం కింద పడి ఉంది, తల వెనక్కి వాలింది, నోటికి అడ్డంపెట్టిన చేయి దేన్నీ దాచలేకపోతోంది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో నా ముందు ఆమె అలా నవ్వలేదు. ఆ ఉదయమే కెమెరా గడియారాన్నీ నా చేతి గడియారాన్నీ కలిపి సరిచేశాను. ఫోటో తీసిన సమయం పన్నెండో నిమిషం. ఆమె కాగితంలో ఆ గడి ఖాళీ.

“అతను ఏమన్నాడని అంత నవ్వు?” అని అడిగాను.

“గుర్తులేదండీ. మీ గురించే ఏదో.”

తోడల్లుణ్ణి అడిగితే, తనకూ నవ్వాగలేదని, అందుకే గుర్తులేదని అన్నాడు. కానీ ఫోటో ఎక్కడా అదరలేదు. నవ్వాపుకోలేని మనిషి చేయి అంత నిలకడగా ఎలా ఉందో నాకింతవరకు అంతుపట్టలేదు. నా చేయి అయితే అదిరేది.

మొన్న వాచ్‌మన్‌తో నా మాట పూర్తికాకముందే వంటింట్లోంచి నా భార్య అందుకుంది. “ఈయన కాదు బాబూ, మా మరిది తీశాడు. ఈయన అప్పుడు కొండమీద కాగితం రాసుకుంటున్నారు.”

వాచ్‌మన్ నా వైపు తిరిగాడు. “మరి గా నవ్వు మీదికి ఇనబడ్డదా సార్?”

తెలియదన్నాను. చప్పట్లయితే ఎప్పుడైనా వెళ్లి మళ్లీ కొట్టించవచ్చు. నవ్వమని చెబితే వచ్చే నవ్వు పరీక్షకు పనికిరాదు. ఆనాడు నా చెవికి తాకినదేమిటో చెప్పగల సాక్ష్యం ఆ పన్నెండో నిమిషం ఒక్కటే. అది నా చేతికి వచ్చినప్పుడు, నేనే దాన్ని లెక్కలోంచి తీసేశాను.