ఎస్తేరక్క తెరిచిన వీడియో

కంప్యూటర్ డబ్బా విప్పి బ్లోయర్ పెట్టగానే నల్లటి దుమ్ము లేచి ముక్కులో దూరుతుంది. వేడెక్కిన తీగల వాసన, బొగ్గు వాసన కలిసి కొడతాయి. గోదావరిఖనిలో ఏ కంప్యూటర్ తెరిచినా ఇదే. తుమ్ముతూనే నాకు ఎస్తేరక్క గుర్తొస్తుంది. ఆమె పోయి రెండేళ్లయింది. ఆమె దుకాణాన్ని ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను, ఏదో చూసుకుంటున్నానంటే చూసుకుంటున్నాను.

అక్క బొగ్గు బాయి కార్మికుడి కూతురు. పెళ్లి వీడియోలు కలిపేది, సీసీ కెమెరాలు బిగించేది. మాట కరుకు. నేను చేరిన కొత్తలో, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్ తెరిచి అందులో ఒక పెళ్లి వీడియో పడేసింది. పెళ్లికూతురి మొహం మీద రంగురంగుల గళ్లు పరుచుకున్నాయి.

"చూడు తమ్మీ, వీడియోల ప్రతి బొమ్మ పూరా ఉండదు. ఒకటి పూరా రాసుకుంటది. ఎనుక వచ్చేటియి ఏం కదిలిందో గదే రాసుకుంటయి. జాగ తక్కువ పట్టాలె గదా," అంది.

"మరి ఇది మనకెందుకక్కా?"

"ఏ కెమెరా రాసిందో, మధ్యల ఎవడన్న చెయ్యి పెట్టిండో గీ గళ్లల్లనే తెలుస్తది. ఉత్త కండ్లకు కనబడది."

లోపల నవ్వుకున్నాను. పెళ్లివాళ్లకు పాట సరిగ్గా పడితే చాలు, గళ్లతో ఏం పని అని నా తెలివి.

ఆ తెలివే ఒకరి కొంప ముంచింది. కమాన్‌పూర్ నుంచి స్వరూప అనే ఆమె వచ్చింది. ఓపెన్‌కాస్టు గనిలో ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ఆమె భర్త లారీ కింద పడి చనిపోయాడు. అతను ఆ రోజు డ్యూటీకే రాలేదని, తాగి దారిలో పడ్డాడని కాంట్రాక్టరు మనుషులు అంటున్నారు. డ్యూటీలో పోయాడని తేలితేనే ఆమెకు పరిహారం. గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ కెమెరాలో ఏమన్నా దొరుకుతుందేమోనని అక్క నన్ను పంపింది. "కెమెరాల ఉండే మెమరీ కార్డే పట్టుకరా. ఫైలు ఉన్నదున్నట్టు గావాలె," అని మరీ మరీ చెప్పింది.

దొరికింది! అతను హెల్మెట్ చంకలో పెట్టుకుని గేటు లోపలికి పోతున్నాడు. బొమ్మ మూలన తేదీ, సమయం. హోటలాయన కార్డు ఇవ్వనంటే, దాన్ని నా ఫోన్‌లో పెట్టి, ఆ ముక్కను కాపీ చేసుకోకుండా నేరుగా అక్కకు మెసేజ్‌లో పంపేసి, కార్డు అక్కడే తిరిగిచ్చేశాను. జల్దిగా పని చక్కబెట్టానని మురిసిపోయాను కూడా.

వారం తర్వాత ఆ వీడియో చూసిన కాంట్రాక్టరు మనుషులు, ఆ తేదీ మీరే అతికించారన్నారు. అక్క వీడియోను గళ్లలోకి తెరిచింది.

"ఇది కెమెరా రాసిన ఫైలు గాదు. పంపేటప్పుడు ఫోన్ చిన్నగ చేసి మళ్ల రాసింది. కెమెరా గుర్తు ఒక్కటి మిగల్లే. కార్డేదిరా?"

హోటలుకు ఉరికాను. చిన్న కార్డు, పాతవాటి మీద కొత్తవి ఎక్కేశాయి.

"స్వరూపకు కెమెరానే ఖరాబైందని చెప్దామక్కా," అన్నాను, సిగ్గు లేకుండా. అక్క తిట్టినా బాగుండేది. స్కూటీ తాళం నా చేతిలో పెట్టింది.

"నడువు కమాన్‌పూర్. నేను ఎంబడి ఉంట. చెప్పుడు మాత్రం నువ్వే చెప్పాలె."

చెప్పాను. స్వరూప వాకిట్లో నిలబడే అంతా విన్నది. "అంటే మా ఆయన తాగి పడ్డోడే అయిండా?" అంది. భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

పరిహారం రాలేదు. స్వరూప ఇప్పుడు గోదావరిఖనిలోనే నాలుగిళ్లలో పని చేసుకుంటోంది. బజారులో ఆమె కనిపిస్తే సందు మార్చి పోయే మనిషినే నేను. ఎస్తేరక్క ఆ అలవాటు పోగొట్టింది. ఇప్పుడు ఎదురే వెళ్తాను. మొన్న ఆమె పక్కన కూతురుంది, పదో తరగతి పిల్ల.

"తమ్మీ, మా ఆయన డ్యూటీకి పోంగ నువ్వు చూసినవ్ గదా? ఇస్కూల్ల తాగుబోతు బిడ్డ అంటున్నరట. జర చెప్పు దీనికి."

"చూసిన బిడ్డా. మీ నాయిన సక్కగ నడుచుకుంట లోపటికి పోయిండు."

ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. "గా వీడియో చూపియ్యి," అంది. నా దగ్గర ఉన్నది, మీరే అతికించారని వాళ్లు కొట్టిపారేసిన ఆ ముక్క ఒక్కటే.