బ్రేకు మీద ఆరు పేజీల ఫిర్యాదు

ఇది నా పరువు పోయిన కథ. ఊరికే పోలేదు. ఆరు పేజీలు టైపు చేయించి, మూడు కాపీలు తీయించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపించి మరీ పోగొట్టుకున్నాను. దారిలో ఒక నిర్దోషి ఉద్యోగం కూడా ఊడగొట్టాను. మీకు నవ్వొస్తే మొహమాటపడకండి. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా ఒళ్ళు మండుతూనే ఉంది.

తొంభైల చివరి రోజులు. హైటెక్ సిటీలో మొదటి పెద్ద భవనం లేచింది గానీ దాని చుట్టూ ఇంకా బండరాళ్ళూ, సీతాఫలం పొదలే. మాది నంద్యాల. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని అందరూ హడలిపోతుంటే, ఆ భయం పుణ్యమా అని మాదాపూర్‌లో ఒక అంతస్తు కిరాయికి తీసుకుని కంప్యూటర్లను సరిచేసే చిన్న కంపెనీ పెట్టాను. కంపెనీ పెట్టినవాడు స్కూటరు మీద దిగితే ఎవరు లెక్కచేస్తారు? అందుకని బంజారాహిల్స్‌లో ఒక పెద్దాయన వాడి వదిలేసిన విదేశీ కారు కొన్నాను. నల్లటి కారు. తలుపు వేస్తే చప్పుడు కూడా పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు వచ్చేది.

ఆ కారును నేను వాడానని చెప్పలేను, దేవుణ్ణి కొలిచినట్టు కొలిచాను. సెకండ్ హ్యాండు కారు సీట్లకు కొత్త ప్లాస్టిక్ కవర్లు కుట్టించిన మనిషి జంటనగరాల్లో నేనొక్కణ్ణే అయివుంటాను. లోపల తినకూడదు, తాగకూడదు, గట్టిగా తుమ్మకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పాదరక్షలతో ఎక్కకూడదు. మా ఆవిడ సరళ చెప్పులు విప్పి సంచిలో వేసుకుని ఎక్కేది. డ్రైవరు యాదగిరి తన చెప్పులు డిక్కీలో పెట్టి వచ్చి వట్టి కాళ్ళతో తోలేవాడు. నేనూ విప్పేవాణ్ణి, కానీ నేను ఓనరును కదా. ఆఫీసు ముందు నలుగురూ చూస్తుండగా డిక్కీ తెరిచి బూట్లు వెతుక్కోవడం బాగుండదని నావి నా దగ్గరే ఉంచుకునేవాణ్ణి.

యాదగిరిది నానక్‌రామ్‌గూడ. లారీ, బస్సు, జీపు, చక్రాలున్నవన్నీ తోలిన మనిషి. మాటలు తక్కువ. పగలంతా అతనే తోలేవాడు గానీ, పొద్దున ఆఫీసుకు మాత్రం నేనే స్టీరింగు పట్టేవాణ్ణి. లేకపోతే కొన్న సంతోషం ఎక్కడిది?

ఒక సోమవారం పొద్దున ఒంటరిగా వెళ్తున్నాను. నానక్‌రామ్‌గూడ దగ్గర రోడ్డు ఒకచోట పల్లంలోకి దిగుతుంది. అక్కడ ఎదురుగా గేదెల మంద. బ్రేకు తొక్కాను. పడలేదు! పెడలు రాయిలా బిగుసుకుపోయింది. హారన్ కొట్టాను, దేవుళ్ళందరినీ పిలిచాను, చివరికి స్టీరింగు పక్కకు తిప్పేసి ఇల్లు కడుతున్నవాళ్ళు పోసుకున్న కంకర కుప్పలోకి ముక్కు దూర్చాను. గేదెలు తిరిగైనా చూడలేదు. దిగుదామంటే ఒక బూటు కాలికి తగిలింది గానీ రెండోది కుదుపుకు ఎటో దూరిపోయింది. దాన్ని వెతికి లాక్కుని, తొడుక్కుని, హుందాగా దిగాను.

కబురు పంపితే యాదగిరి ఆటోలో హుటాహుటిన వచ్చాడు. కారెక్కి అదే పల్లంలో రెండుసార్లు తోలి చూశాడు. బ్రేకు వెన్నలా పడుతోంది.

"మంచిగనే ఉంది గద సార్."

"మంచిగుంటే నేను కంకర్లోకి యాల పోతాను?"

"ఏమో సార్. రేపు మీరు తోలేటప్పుడు నన్ను జర పక్కకు కూసోవెట్టుకోండ్రి. ఏంది కథ సూస్త."

ఎంత మంచి మాట! విని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని డ్రైవింగు పరీక్ష ఇవ్వడానికి నాకేమన్నా పిచ్చా? "నాకు నేర్పిస్తాండావా నువ్వు?" అని కసిరాను.

ఆ వారంలో అదే పల్లంలో మరోసారి జరిగింది. ఈసారి ఒక ప్రహరీ గోడ. బాలానగర్‌లో పేరున్న మెకానిక్కు ఖాజా దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చక్రాలు విప్పి, లోపలంతా కడిగి, రోడ్డు మీద చక్కర్లు కొట్టి వచ్చి, "బ్రేక్ ఏక్‌దం మస్తుగుంది సాబ్, ఫికర్ వద్దు" అన్నాడు. అంటే నేను అబద్ధాలకోరునా? నా కోపం నషాళానికి అంటింది.

అప్పుడు నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. అదే అసలు ప్రమాదం. యాదగిరి తోలితే బ్రేకు పడుతుంది, ఖాజా తోలితే పడుతుంది, నేను తోలితే పడదు. కాబట్టి ఎవరో ఏదో చేస్తున్నారు. నేను ఎక్కేముందు చెడగొట్టి, దిగాక బాగుచేస్తున్నారు. ఎవరు? తాళాలు ఉన్నదెవరి దగ్గర? ఎందుకు? నేను భయపడి స్టీరింగు వదిలేస్తే కారంతా తనదేనని! ఇంత గొప్పగా తేల్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

యాదగిరిని పిలిచి అడిగేశాను. అతని మొహం నల్లబడింది.

"గిట్లంటరేంది సార్? పిల్లలు గలోణ్ణి. బండి బ్రేకు మీద చెయ్యి వేస్తనా?"

"అయితే చెప్పు, ఎవరు వేసినారు?"

"నాకేం ఎర్క సార్."

"ఎర్కలేనోడు నాకు అక్కర్లేదు. తాళాలు పెట్టి పో!"

తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నానక్‌రామ్‌గూడ ఆటో అడ్డా దగ్గర ఆగి, అక్కడున్న పదిమందికీ వినపడేలా, "మీ యాదగిరి బ్రేకులు చెడగొట్టే మనిషప్పా! ఎవరూ నమ్మొద్దండి" అని ప్రకటించి వచ్చాను. ఆ మాట అటు హఫీజ్‌పేట్ దాకా పాకింది. తర్వాత యాదగిరికి ఎవరూ బండి ఇవ్వలేదు.

"పాపం, ఆయన్ను చూస్తే అట్లాంటోడు మాదిరి లేడు" అంది సరళ.

"నీకు కార్ల సంగతి ఏం తెలుసు?"

"కార్ల సంగతి తెలీదు. మీ సంగతి తెలుసు" అంది. నేను విననట్టు నటించాను.

యాదగిరి పని వదిలి వెళ్ళిన మూడో రోజు బ్రేకు మళ్ళీ బిగుసుకుంది. మామూలు మనిషయితే ఇక్కడ ఆగి, తప్పు చేశానేమోనని ఆలోచిస్తాడు. నేను ఆలోచించలేదు, యాదగిరి మీదా, కారు చేసినవాళ్ళ మీదా కూడా కోపం తెచ్చుకున్నాను. కారు కంపెనీకి ఆరు పేజీల ఫిర్యాదు రాశాను. "మీ కారు మనుషుల ప్రాణాలు తీయడానికే పుట్టింది. లోపం మీ తయారీదా, నా మాజీ డ్రైవరు యాదగిరి చేసిన పనా అన్నది మీరు వచ్చి తేల్చాలి. తేల్చకపోతే కోర్టుకు, పత్రికలకు ఎక్కుతాను, అవసరమైతే మీ దేశ రాయబారి దాకా వెళ్తాను." చివరి వాక్యం నాకు ఎంతో నచ్చి సరళకు రెండుసార్లు చదివి వినిపించాను.

కంపెనీ వాళ్ళు వణికిపోతారనుకున్నాను. వాళ్ళు మర్యాదగా ఒక ఇంజనీరును పంపారు. పేరు మూర్తిగారు, సొంతూరు రాజమండ్రి. చేతిలో అట్ట, దానికి క్లిప్పుతో బిగించిన ఫారాలు. ఇస్త్రీ చొక్కా, టై. అంత నీటుగా వచ్చిన మనిషి పక్కన వట్టి కాళ్ళతో కూర్చుంటే నంద్యాల పరువేం కావాలి? ఆ రోజు నియమం పక్కనపెట్టి బూట్లు వేసుకునే కారెక్కాను. పల్లంలో ఐదుసార్లు దిగాం. ఐదుసార్లూ బ్రేకు బుద్ధిగా పడింది.

"బాగానే ఉందండీ" అన్నారు మూర్తిగారు.

"నటిస్తోంది సార్!"

"ఎవరండీ?"

"కారు! మీరు కంపెనీ మనిషని దానికి తెలిసిపోయింది."

మూర్తిగారు ఫారంలో ఏదో రాసుకున్నారు. అది నా గురించేనని అనుమానం. అయినా ఆయన ఓపికకు దండం పెట్టాలి.

"రేపు పొద్దున మీరు రోజూ ఎలా బయల్దేరతారో అచ్చం అలాగే బయల్దేరండి. నేను లేననుకోండి. ఒక్క పనీ తగ్గించొద్దు, పెంచొద్దు. పల్లంలో మాత్రం నిదానంగా దిగుదామండీ" అన్నారు.

మర్నాడు అక్షరాలా పాటించాను. కారుకు దండం పెట్టాను. బూట్లు విప్పాను. రెండూ జతగా పెడళ్ళ పక్కన పెట్టుకున్నాను. మూర్తిగారు కిందికి చూశారు, తర్వాత నా మొహంలోకి చూశారు. పల్లం వచ్చింది. నిదానంగా దిగుతూ బ్రేకు తొక్కాను. పడలేదు!

"చూశారా! చూశారా!" అని అరిచాను. ప్రాణం మీదికి వచ్చిందన్న భయం కన్నా గెలిచానన్న సంతోషమే ఎక్కువ. మూర్తిగారు తాపీగా హ్యాండ్‌బ్రేకు లాగి కారు ఆపారు. తర్వాత దిగి, నా వైపు తలుపు తెరిచి, వంగి, బ్రేకు పెడలు కింద ఇరుక్కున్న దాన్ని రెండు చేతులతో గుంజి బయటికి తీశారు. కుడికాలి బూటు. పల్లం వచ్చినప్పుడల్లా ముందుకు జారి పెడలు కింద దూరుతోందన్నమాట.

"ఇది కాళ్ళకు ఉండాలి కదండీ?"

"కారులోకి బూట్లతో ఎక్కుతామా సార్?" అన్నాను ఇంకా పౌరుషం చావక.

"మరి మీ డ్రైవరుగారి చెప్పులు?"

"వాడివి డిక్కీలో పెట్టమన్నాను."

"అందుకేనండీ ఆయన తోలితే బ్రేకు పడింది" అన్నారు మూర్తిగారు. వెక్కిరించినా బాగుండేది. ఆయన జాలిగా అన్నారు. నేను కూర్చున్నచోటే సగమైపోయాను. డ్రైవరు చెప్పులు పక్కన ఉండటానికి తగవని డిక్కీలోకి తోసింది నేను. అవి అక్కడ ఉండబట్టే అతని చేతిలో బండి క్షేమంగా ఉంది. అలాంటివాణ్ణి నేను దోషిని చేశాను.

మూర్తిగారు బూటును ఒక సంచిలో వేసి, చీటీ కట్టి, నంబరు రాశారు. "లోపానికి కారణమైన వస్తువును పై ఆఫీసుకు పంపాలండీ. రూలు." బతిమాలాను. వినలేదు. ఒంటి బూటు చేత్తో పట్టుకుని ఇల్లు చేరాను. సరళ గుమ్మంలో చూసి, అడగకుండానే అంతా అర్థం చేసుకుంది.

"ముందు యాదగిరి దగ్గరికి పోండి" అంది.

వెళ్ళాను. ఇంటి ముందు కట్టెలు కొడుతున్నాడు. ఇంకెవరూ పని ఇవ్వక అదే చేస్తున్నాడట. సంగతంతా చెప్పి, కంపెనీ నుంచి రిపోర్టు కూడా వస్తుందని చెప్పి, పనిలోకి రమ్మన్నాను. గొడ్డలి పక్కన పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"వస్త సార్. కానీ మీరు నన్ను అడ్డ మీద అన్నరు. అందరి ముంగట అన్నరు. ఆడికే వచ్చి చెప్పుండ్రి. ఆ కంపెనీ కాయితం సదువుండ్రి."

రిపోర్టు అందిన రోజే అడ్డా దగ్గర నిలబడ్డాను. పక్కన యాదగిరి, చేతులు కట్టుకుని. ఆటోలు ఆపి ఇరవైమంది చుట్టూ మూగారు. ఇంగ్లీషులో గడగడా చదివి బయటపడదామని నా ఎత్తు. రెండు వాక్యాలు అయ్యాయో లేదో ఒక ముసలి ఆటో ఆయన చెయ్యెత్తాడు.

"తెలుగుల చెప్పుండ్రి సార్. మాకు ఎర్క కావాలె గద."

గొంతు సవరించుకున్నాను. "అంటే, బాగా విచారించినాక తేలిందేమంటే, లోపం కారులో లేదు. యాదగిరి తప్పు అసలే లేదు. ఆయన నిజాయితీ గల మనిషి. తప్పంతా ఒక బూటుది."

హమ్మయ్య, గట్టెక్కానని కాగితం మడిచాను. ఆ ముసలాయన కదల్లేదు.

"బూటు ఎవలది సార్?"

అంతటి విచారణలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఇరవైమంది నా వైపే చూస్తున్నారు. యాదగిరి మాత్రం నేల చూస్తున్నాడు, నా పరువు కాపాడటానికి.

"నాదే" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే కోపం తెచ్చుకుని బతికిపోయేవాణ్ణి. యాదగిరి ముందుకొచ్చి నా చేతిలోంచి తాళాలు తీసుకున్నాడు. "ఇగ సాలు. పోదం పాండ్రి సార్" అని వెనక తలుపు తెరిచాడు.

కాబట్టి ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా: ఇకమీదట ఏ వస్తువు మీదగానీ, ఏ మనిషి మీదగానీ ఫిర్యాదు రాయాలనిపిస్తే, కలం పట్టుకునే ముందు వంగి నా కాళ్ళ దగ్గర వెతుక్కుంటానని ఒట్టు పెడుతున్నాను. అక్కడ ఏమీ కనిపించకపోతే యాదగిరిని పిలిచి ఇంకోసారి వెతకమంటాను.