వెనక మూడు అక్షరాలు

నా చిన్నప్పుడు మా నాన్న మణుగూరు బొగ్గు గనిలో పని చేసేవాడు. తమ్ముడు బడికి పోయేవాడు, నేను చెల్లెను చంకనేసుకుని తిరిగేదాన్ని. ఎవరైనా అడిగితే నా బుర్రకు చదువెక్కదని మా నాన్న నవ్వేవాడు. ఒక్కరోజైనా బడిలో కూర్చోబెట్టకుండా ఎక్కదని ఎట్లా తెలిసిందో ఆయనకే తెలియాలి.

పక్కింట్లో బట్టలు కుట్టే ఆమె ఉండేది, అక్క అన్నట్టు అందరం ఆపా అని పిలిచేవాళ్లం. ఒకనాడు ఆ నవ్వు విని ఊరుకోలేకపోయింది.

"ఎక్కితే పంపిస్తవా భయ్యా?"

"ఇంగ్లీషు సదివితే రేపే పంపిస్త పో," అన్నాడు, పక్కనున్న దోస్తులకు కన్నుగీటి.

ఆనాటి నుంచి మధ్యాహ్నం చెల్లె నిద్రపోగానే నేను ఆపా దగ్గర ఉండేదాన్ని. పలక లేదు, పుస్తకం లేదు. కత్తిరించబోయే గుడ్డను నేల మీద పరిచి, కొలతలు గీసే సుద్దతో రాసేది. ఏ, దాని పక్కన రెండు ఎల్లులు. ఆ మూడింటినీ కదపొద్దు, ముందర ఒక్కటి మారిస్తే చాలంది. బీ పెడితే బాల్, బంతి. సీ పెడితే కాల్, పిలవడం. టీ పెడితే టాల్, పొడుగు. డబ్ల్యూ పెడితే వాల్, గోడ. గోడ కాస్తా బంతి అయిపోతుంటే నాకు ఆకలి కూడా తెలిసేది కాదు. పాఠమయ్యాక గుడ్డ దులిపేది. సుద్ద పోయేది, మాటలు నాతో ఇంటికొచ్చేవి.

ఒక సెలవు రోజు పొద్దున ఆపా మా వాకిట్లోనే నీలం గుడ్డ పరిచింది. మా నాన్న, దోస్తులు మంచం మీద చాయ్ తాగుతున్నారు. ఆమె వరస మార్చి మార్చి రాసింది. నేను ఒక్కటీ తప్పకుండా చదివాను, అర్థాలు కూడా చెప్పాను.

"అరే, నీ బిడ్డ కలెక్టరైతదిరా!" అన్నాడొకాయన.

నేను మా నాన్న ముఖమే చూస్తున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"అవ్, మంచిగనే సదివింది. ఇంట్ల కూసోనే గింత వచ్చినంక ఇగ బడెందుకు?"

అందరూ నవ్వారు. చదవకపోతే బుర్ర లేదు, చదివితే బడి అక్కర్లేదు. ఆపా గుడ్డ దులిపి మడుచుకుంది. తమ్ముడి బడి నిక్కరు కోసం మా నాన్న ఇచ్చిన గుడ్డే అది. సాయంత్రం దానికి గుండీలు కుడుతూ, తలెత్తకుండా అంది: "అడుగుడే తప్పయింది బిడ్డా. అడిగితేనే గదా కాదనేది."

మా నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆ నవ్వును మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు.

నా మొగుడు పోయాక, నా బిడ్డను బడి మాన్పించాలని అత్తింటివాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. వాళ్ల మధ్య నుంచే దాని చెయ్యి పట్టుకుని బడికి నడిపించుకుపోయాను. ఎవరినీ అడగలేదు. దానితో ఎవరి ముందూ ఏదీ చదివించలేదు. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది అదే.

నా సంగతి మాత్రం అక్కడే ఆగింది. ఖమ్మం బస్టాండులో బోర్డుల ముందు నిలబడితే నా కళ్లు ఇప్పటికీ ఏ పక్కన రెండు ఎల్లులనే వెతుకుతాయి. కనబడితే పైకే చదువుతాను. మిగతావాటికి ఈ వయసులోనూ పక్కవాళ్లను అడగాల్సిందే.