గేటు దగ్గర వణికిన కారు

మొన్న రాజమండ్రిలో మేనకోడలి కొత్తకారులో వెళుతుంటే సిగ్నల్ దగ్గర ఇంజను ఠక్కున ఆగిపోయింది. పక్కసీట్లో ఉన్నా, నా కుడికాలు తనంతట తానే లేని యాక్సిలరేటరును తొక్కింది. మేనకోడలు నవ్వి, ఇప్పటి కార్లు పెట్రోలు దండగ కాకుండా వాటంతటవే ఆగి మళ్ళీ వాటంతటవే బయలుదేరుతాయని చెప్పింది. ఆగిపోవడం కూడా ఒక సదుపాయమైపోయిందన్నమాట! తొంభైల చివర్లో ఆ ఆగిపోవడం వల్లే నేను స్టీరింగుకు శాశ్వతంగా దూరమయ్యేదాన్నని ఆ పిల్లకేం తెలుసు.

అప్పుడు మేము సామర్లకోటలో ఉండేవాళ్ళం. మావారు షుగరు ఫ్యాక్టరీలో గుమస్తా, నేను పెద్దాపురం అవతల ఒక పల్లెలో టీచర్ని. అత్తగారికి మోకాళ్ళు పట్టేసి బస్సెక్కడం కష్టమైతే ఎవరో వాడుకున్న చిన్న తెల్లకారు కొన్నాం. కొన్న వారానికే మావారు దాన్ని పొలాలకు నీళ్ళు పారే పంటబోదెలోకి దింపి, ఆ తరువాత తాళంచెవి ముట్టుకుంటే ఒట్టు. దాంతో ముప్పై ఎనిమిదో ఏట నేను నేర్చుకున్నాను. మా వీధిలో కారు నడిపే ఆడది నేనొక్కతినే కావడంతో, నేను గేరు మార్చినా అరుగుల మీద చర్చే. బోదె సంగతి మరిచిపోయిన మావారు ఎడమసీట్లో కూర్చుని బ్రేకు ఎప్పుడు వెయ్యాలో నాకు చెబుతుండేవారు.

ఏడాది తిరిగేసరికి కారుకు వణుకు పట్టుకుంది. రోడ్డు మీద పరిగెడుతున్నంతసేపూ బంగారంలా ఉండేది. రైలుగేటు పడి ఆగామా, మలేరియా జ్వరం వచ్చినట్టు ఊగి ఊగి చచ్చూరుకునేది. గేటు లేచాక అది అందుకోక నేను తాళం తిప్పుతూ కూర్చుంటే, వెనక లారీలవాళ్ళ హారన్లు, పక్కన సైకిళ్ళవాళ్ళ ఉచిత సలహాలు. ఒక మెకానిక్ కార్బురేటరు కడిగి, బండి ఆగినప్పుడు ఇంజను తిరిగే స్లోస్పీడు పెంచాడు, అది మూడు రోజులు బొబ్బలు పెట్టి మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకొకాయన ప్లగ్గులు మార్చాడు. ఇద్దరూ పోతూ పోతూ బండి ఎవరు నడుపుతారని అడిగారు, నేనని తెలియగానే ఇంకేమీ అడగలేదు. మరిదైతే వదిన క్లచ్చి మీద కాలు తీయకుండా నడిపి ఇంజను పాడుచేసిందని తేల్చేశాడు. చివరికి మావారు కారు అమ్మేద్దామని, ఆదివారం బ్రోకరును రమ్మన్నారు. కారు పోతుందన్న బాధ కన్నా, చేతకానిదాన్నన్న ముద్రతో పోతుందన్న బాధ నన్ను తినేసింది. నిజంగా నా తప్పేనేమోనన్న అనుమానం కూడా మొదలైంది, దాచడమెందుకు.

శనివారం పొద్దున్న, ఎవరికీ చెప్పకుండా, కాలవ గట్టున షెడ్డు పెట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. తోడు వస్తానని అత్తగారు ముందుసీట్లో ఎక్కేశారు. ఆయన ఎవరు నడుపుతారని అడగలేదు. ఎప్పుడు ఆగుతోంది, ఎక్కడ ఆగుతోంది అని అడిగాడు. నేనన్నీ చెప్పాక ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి, పెట్టి చూశాడు. ఏది పీకినా ఇంజను ఒకేలా తగ్గడంతో లోపం అక్కడ లేదని, ఎక్కడో గాలి పీలుస్తోందని అన్నాడు. ఒక ట్యూబుముక్క చెవిలో పెట్టుకుని రెండో కొసతో ఇంజనంతా వెతికాడు. కార్బురేటరు వెనక వేలెడు లావున్న రబ్బరు గొట్టం దగ్గర ఆగి, దాన్ని రెండువేళ్ళతో నొక్కిపట్టాడు. చంకనెక్కిన పసిపిల్లలా ఇంజను ఊరుకుంది.

వంగి చూశాను. గొట్టం మొదట్లో చీలిక. దానికి నల్లతాడుతో కట్టిన రాగి తాయెత్తు, అరిగిన గుర్రపు నాడా వేలాడుతున్నాయి. కారు కొన్న మొదటి శుక్రవారం అమ్మవారి దగ్గర పూజ చేయించి అత్తగారు స్వయంగా కట్టినవి. ఇనుము కాలుతుంది, ఆ రబ్బరుకు కట్టండి అని చూపించింది నేనే! ఏడాదిపాటు ఆ నాడా ఊగి ఊగి గొట్టాన్ని లాగేసింది. ముందు చూసిన మెకానిక్కులిద్దరూ దానికి దణ్ణం పెట్టుకుని పక్కకి తప్పుకున్నారు కాబోలు.

పెద్దాయన నావైపు చూశాడు. నేను ముందుసీటు వైపు చూశాను. ఆయనకు అర్థమైంది. తాడు విప్పి, తాయెత్తునూ నాడానూ గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. అంతలో అత్తగారు, దొరికిందా బాబూ అని కేకేశారు.

"దొరికిందండి. గొట్టం చీలిందండి అంతే. నడిపినోళ్ళ తప్పేం లేదండి."

"నేను మావాడికి ముందే చెప్పాను, మా కోడలి తప్పుండదని," అన్నారావిడ.

నాకు ఏడుపొచ్చింది. షెడ్డులో ముక్కూమొహం తెలియని నలుగురి ముందు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ హాయిగా ఏడ్చాను. అన్ని నెలల బరువు ఆ ఒక్కమాటతో దిగిపోయింది. కొత్త గొట్టం పావుగంట పని. తాయెత్తునూ నాడానూ డాష్‌బోర్డు మీద ఆవిడకి ఎదురుగా పెట్టి, ఇక్కడైతే దారిపొడవునా మీకు కనిపిస్తాయన్నాను. ఆవిడ మురిసిపోయారు. అసలు సంగతి ఆవిడకే కాదు, ఈనాటి వరకూ మావారికీ చెప్పలేదు. ఆదివారం వచ్చిన బ్రోకరు కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు కారు మొరాయిస్తే కంప్యూటరు తగిలించి చూస్తారు, లోపమేమిటో అదే చెబుతుంది. నడిపింది ఆడా మగా అని ఎవరూ అడగరు, మా తరం పడ్డ మాటలు ఈ పిల్లలు పడనక్కర్లేదు. అది నాకు ఎంతో ఊరట. కానీ నేను కారు నడిపిన పాతికేళ్ళలో నా పక్కన కూర్చున్నవాళ్ళంతా, మావారితో సహా, కంగారుగా రోడ్డునే చూస్తూ కూర్చున్నారు. నేను నడుపుతుంటే తల వాల్చి నిద్రపోయింది అత్తగారొక్కరే. ఆ రోజు షెడ్డు నుంచి వస్తూ గేటు పడితే ఆగాం, ఇంజను వణకలేదు, ఆవిడ నిద్ర లేవలేదు.