ఐదు డిస్కులూ, ఎస్తేరమ్మ గారూ

ఎస్తేరమ్మ గారు ఇక లేరు. గత ఆదివారం ఆత్మకూరులో ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతూ కూలబడిపోయారు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఆమె చెల్లెలు మరియమ్మ గారు ఫోనులో ఆ మాట చెప్పేటప్పటికి నేను ఉదయగిరి ప్రయోగశాలలో నీటి సీసాలకు చీటీలు అంటిస్తున్నాను. ఫోను పెట్టేశాక కూడా మరో నాలుగు సీసాలకు అంటించాను. చేతులు పని చేస్తూనే ఉన్నాయి. మనసు మాత్రం ఆ వార్తను లోపలికి రానివ్వలేదు.

ఆమెను ఎరగనివారి కోసం కొంత చెప్పాలి. పడమటి మెట్ట మండలాల్లోని బోర్ల నీళ్ళు పరీక్షించి, ఫ్లోరైడ్ ఎక్కడ ఎంత ఉందో ఊళ్ళకు చెప్పడం మా చిన్న సంస్థ పని. పరీక్షలు ఉదయగిరిలో జరుగుతాయి. ఫలితాలు దాచే సర్వరు ఆత్మకూరు కార్యాలయంలో ఉంది. విదేశీ దాతలు పంపిన ఆ యంత్రానికి సంరక్షకురాలు ఎస్తేరమ్మ గారు. చదివింది పదో తరగతి. దుత్తలూరు దగ్గరి పల్లెలో పుట్టి, ఆ నీళ్ళే తాగి పెరిగినందువల్ల నలభై దాటేసరికి వెన్ను కొయ్యబారింది. మోకాళ్ళు వంగినవి వంగినట్టే నిలిచిపోయాయి. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. నీటి నమూనాల కోసం ఊరూరా తిరగడం చేతగాని పని అయినప్పుడు, మా సంస్థ పెద్ద డాక్టరు గారు ఆమెను ఆ యంత్రం ముందు కూర్చోబెట్టారు. జాలితో ఇచ్చిన కుర్చీ అది. ఆ కుర్చీలో ఆమె సాధించిన ప్రావీణ్యం చూసి తర్వాత డాక్టరు గారే విస్మయపడ్డారు.

ఆ యంత్రంలో బొమ్మలు లేవు, మౌసు లేదు. నల్లటి తెర మీద ఆజ్ఞ కొడితే అక్షరాల్లోనే జవాబు వస్తుంది. లోపల ఐదు డిస్కులు, వాటిని ఏలే కంట్రోలరు. సమాచారాన్ని ఆ కంట్రోలరు ఐదింటికీ పంచి రాస్తుంది. ఒక డిస్కు చెడినా, మిగతా నాలుగింటి సాయంతో దానిలోది తిరిగి పుట్టిస్తుంది. రెండు పోతే సర్వం పోయినట్టే. దాంతో వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని ఎస్తేరమ్మ గారు నిఘంటువు పక్కన పెట్టుకుని ఎనిమిది నెలలు చదివారు. నెల్లూరులో డిగ్రీ చేసి, ఆత్మకూరులో ఆమెకు సహాయకుడిగా చేరిన నేను ఆ పుస్తకం అట్ట తప్ప ఏమీ చూడలేదు. "నీకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి చదవకపోయినా తెలిసినట్టే ఉంటాది నాయనా. నాకు రాదు, అందుకే ప్రతి మాటా చదవాల్సి వచ్చినాది," అన్నారు ఒకసారి. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అలా అనుకున్నారు.

మొదటి సంవత్సరం ఆమె ఒక పొరపాటు చేశారు. మూడో డిస్కును ఆపబోయి ఒకటో డిస్కును ఆపేశారు. నష్టం జరగలేదు, ఎవరూ గమనించనూ లేదు. ఆమే కుంటుకుంటూ డాక్టరు గారి గదికి వెళ్ళి చెప్పి వచ్చారు. అప్పటినుంచి ఏ ఆజ్ఞనైనా ముందు కాగితం మీద రాసేవారు, రాసింది పైకి చదివేవారు, తెర మీద కొట్టింది నాతో చదివించేవారు. రెండూ సరిపోతేనే ఎంటర్. ఆ జాగ్రత్త చూసి లోలోపల నవ్వుకున్నవాణ్ణి నేను.

ఇక ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పిన సంగతి. ఇది ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు.

ఒక వేసవిలో రెండో డిస్కు చెడిపోయింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. నాలుగు డిస్కుల మీదే పని సాగుతుండగా, మూడో రోజు కరెంటు ఒక్కసారిగా తగ్గి పెరిగింది. మా బ్యాటరీ దాన్ని తట్టుకోలేకపోయింది. కంట్రోలరు కీచుమంటూ అరవసాగింది. నాలుగో డిస్కు కూడా చచ్చిపోయిందని తెర మీద రాసింది. ఏ ఊరి ఫలితం అడిగినా జవాబు లేదు. అంతకు ముందటి ఏడాది వానలకు ఉదయగిరిలో రిజిస్టర్లు తడిసి ముద్దయిపోయాయి గనక, ఇన్నేళ్ళ పరీక్షలకు ఆ డిస్కులే ఆధారం. ఆ వారమే కలువాయి, కొండాపురం మండలాల్లో ఏ బోర్లకు ఎర్ర రంగు పూసి మూయించాలో జాబితా ఇవ్వాలి. జాబితా లేకపోతే బడి పిల్లలు ఇంకో వేసవంతా ఆ నీళ్ళే తాగుతారు.

మద్రాసులో ఉండే యంత్రం కంపెనీ ఇంజనీరుకు ఫోను చేశాను. "డిస్కుల పాత అమరిక చెరిపేసి కొత్తగా కట్టండి. టేపు ఉంది కదా, అందులోంచి ఎక్కించుకోండి," అన్నాడు. నేను కీబోర్డు దగ్గరికి వెళ్ళబోయాను.

"ఆగు సుధాకరా. ముందు టేపు చదివి చూడు," అన్నారు ఎస్తేరమ్మ గారు.

సర్వరులోని సమాచారానికి నకలు తీసే టేపును వారం వారం మార్చే బాధ్యత నాది. మార్చాను. అందులో సమాచారం నిజంగా పడుతున్నదో లేదో ఒక్కసారి కూడా చదివి చూడలేదు. ఆ రోజు చదివించాను. ఒకటి కాదు, ఆరు టేపులు. యంత్రం ఒక్కదాన్నీ చదవలేకపోయింది. చెమటలు పట్టి, "అక్కా, వీటిల్లో ఏమీ లేదు," అన్నాను. ఆమె నా వైపు తిరగడానికి కొంతసేపు పట్టింది. తిరిగి, "సరే. అయితే మనకు ఉండేది ఈ డిస్కులే," అన్నారు. అంతే. నా జీవితంలో అంత మెత్తని శిక్ష మరొకటి పడలేదు.

తర్వాత ఆమె ఆలోచించిన తీరు ఇప్పటికీ నాకు అబ్బురమే. "నాలుగోది నిజంగా చచ్చినాదా, చచ్చినాదని కంట్రోలరు అనుకుంటా ఉండాదా?" అని అడిగి, ఒక్కో డిస్కు స్థితిని చెప్పే ఆజ్ఞ కొట్టించారు. రెండో డిస్కులో దోషాలు బారులు తీరి వచ్చాయి. నాలుగో దానిలో ఒక్కటీ లేదు. కరెంటు కుదుపుకు అది ఒక క్షణం పలకలేదు, అంతలోనే కంట్రోలరు దాన్ని చచ్చినవాటిలో కలిపేసింది. బలవంతంగా తిరిగి పనిలోకి తెచ్చే ఆజ్ఞ ఒకటి ఉంది. కానీ నాలుగుకు బదులు రెండు అని కొడితే, రెండో డిస్కులోని మూడు రోజుల పాత సమాచారం కొత్తదానితో కలిసి అంతా కలుషితమవుతుంది. మళ్ళీ ఫోను చేసి అడిగితే, "ఆ ఆజ్ఞ వాడితే మా పూచీ లేదు మేడమ్," అన్నాడు ఇంజనీరు. "పూచీ మాదే సార్," అని ఆమె ఫోను పెట్టేశారు.

నేనైతే ఆ క్షణమే కొట్టేసేవాణ్ణి. ఆమె కొట్టలేదు. యంత్రం ఆపించి, రెండో డిస్కును ఊడదీయించి, గుడ్డలో చుట్టి తన బీరువాలో పెట్టి తాళం వేశారు. "అది యంత్రంలోనే లేకపోతే మన వేలు తప్పినా దాన్ని తాకదు," అన్నారు. ఆ తర్వాత సబ్‌స్టేషనుకు ఫోను చేసి, "రేపు పది నుంచి పన్నెండు దాకా మాకు కరెంటు తీయబాకండి నాయనా, నీళ్ళ లెక్కలు పోతాయి," అని లైనుమన్‌ను బతిమాలుకున్నారు. డాక్టరు గారు వచ్చి ఎందుకింత ఆలస్యమని విసుక్కుంటే, "పోయినదాన్ని రేపు కూడా తేవచ్చు సార్. చెరిపినదాన్ని ఎప్పటికీ తేలేము," అన్నారు.

మర్నాడు పదింటికి కూర్చున్నాం. కాగితం మీది ఆజ్ఞ ఆమె చదివారు. తెర మీది ఆజ్ఞ నేను చదివాను. నాలుగు అనే అంకె దగ్గర తడబడ్డాను. "మళ్ళీ చదువు," అన్నారు. చదివాను. ఆమె ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ప్రార్థించి, వంకరపోయిన వేలితో ఎంటర్ నొక్కారు.

కీచుమనే మోత ఆగిపోయింది. తెర మీద నాలుగు డిస్కులు పనిలో ఉన్నట్టు నాలుగు వరుసలు వచ్చాయి. కలువాయి మండలం తెరిచాను. ఊరూ, బోరూ, తేదీ, అన్నీ యథాతథంగా ఉన్నాయి. నా కళ్ళలో నీళ్ళు చూసి ఆమె, "ముందు కాపీ తీయి. సంతోషం తర్వాత," అన్నారు. కార్యాలయంలోని రెండు కంప్యూటర్లలోకీ కాపీ పూర్తయ్యేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు, మంచినీళ్ళు తాగలేదు. ఆ శనివారానికి జాబితా వెళ్ళింది. బోర్లకు రంగులు పడ్డాయి.

టేపుల సంగతి డాక్టరు గారు అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆమె, "మేము చదివి చూసుకోలేదు సార్. తప్పు మాది," అన్నారు. మాది అన్నారు. నాలుగేళ్ళు ఆమె పక్కన పని చేశాను. ఆ టేపుల విషయంలో నా పేరు ఎవరి ముందూ ఆమె నోట రాలేదు. నాతో మాత్రం, "ప్రతి సోమవారం ఒక టేపు చదివి నాకు చూపియ్యి," అన్నారు. ఇప్పుడు ఆమె లేరు కాబట్టి నేనే చెబుతున్నాను. ఆ తప్పు ఆమెది ఏ మాత్రమూ కాదు. పూర్తిగా నాది.

సోమవారం మధ్యాహ్నం ఆమెను సమాధి చేశాం. పెట్టె కొలతలకు వచ్చిన వడ్రంగి మోకాళ్ళు చాపడానికి ప్రయత్నిస్తుంటే మరియమ్మ గారు వారించారు. "అవి సాగవు నాయనా. మీరే పెట్టెను ఎత్తుగా చేయండి," అన్నారు. అలాగే చేశారు. మామూలు కంటే లోతైన ఆ పెట్టెను మోయడానికి కొండాపురం వైపు నుంచి కూడా మనుషులు వచ్చారు. డిస్కు అంటే ఏమిటో వాళ్ళకు తెలియదు. ఒక పెద్దావిడ నన్ను, "ఈయమ్మేనా మా బడి కాడి బోరు మూయించింది? అప్పుడు తిట్టినాము," అని అడిగి, పెట్టె మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

ఆమెకు తెలిసిన ఆజ్ఞలన్నీ నాకూ వచ్చు. పుస్తకం మొత్తం ఇప్పుడు నేనూ చదివాను. కానీ సర్వం పోయిందని అందరూ తొందరపడుతున్న వేళ, చేతిని వెనక్కి తీసుకుని, ఇది నిజంగా పోయిందా అని అడగగలిగిన ఆ స్థిరచిత్తం ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని ఆమె తనతోనే తీసుకుపోయారు. ఆ మహనీయురాలికి చేతులెత్తి మొక్కుతున్నాను.