నహార్ పేట్‌కు నేను చెప్పిన అర్థం

కుర్చీ నాతోపాటు లేచింది. అక్కడే మొదలైంది కథ.

మెదక్ హైస్కూల్లో తెలుగు చెబుతున్న రోజులవి. ఎనిమిదో తరగతికి సమాసాలు చెప్పి, గంట కొట్టగానే లేచాను. అది చేతుల కుర్చీ. నా నడుమును వదల్లేదు. బల్ల చుట్టూ తిరిగి గుమ్మం దాకా వెళ్ళాక గాని నా వెనక నాలుగు కాళ్ళు గాల్లో వస్తున్నాయని తెలియలేదు. పిల్లలు నవ్వలేదు, అదే నాకు మరీ మండింది. ఇద్దరు ఎంతో మర్యాదగా వచ్చి, చెరోపక్క పట్టి లాగి, కుర్చీని యథాస్థానంలో పెట్టి, నమస్కారం చేసి మరీ వెళ్ళారు.

నాది గుంటూరు జిల్లా. రెండు ప్రాంతాలూ ఒక రాష్ట్రమైన కొన్నాళ్ళకు ఉద్యోగం పేరుతో మెదక్‌కు వచ్చిపడ్డాను. వచ్చిన కొత్తలో ఎవరో "పైలం సారూ" అంటే అదేమిటని స్టాఫ్ రూములో అడిగాను. జాగ్రత్త అని చెప్పి, తెలుగు పంతులుకు తెలుగు రాదని వారం రోజులు నవ్వుకున్నారు. ఆనాటి నుంచీ ఏ మాటకూ ఎవరినీ అర్థం అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అంత వ్యాకరణం చదివినవాడిని, ఒక మాట విప్పుకోలేనా అని నా పొగరు.

కుర్చీ సంగతి ఊరంతా తెలిసే లోపే మా ఇల్లుగలావిడకు తెలిసింది. ఆవిడ చర్చి బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. నా చొక్కాలకు పక్కకుట్లు విప్పి వదులు చేసేది కూడా ఆవిడే కాబట్టి నా నడుము చరిత్ర నాకంటే ఆవిడకే బాగా తెలుసు. బజారులో యునానీ వైద్యం చేసే హకీం సాబు దగ్గరికి పొమ్మంది. ఆయన చేతి వాసి మంచిదట. ముట్టుకుంటే తగ్గుతుందట.

హకీం సాబు తెల్ల గడ్డం, సన్నటి వేళ్ళు ఉన్న పెద్దమనిషి. నా నాడి చూశాడు, నాలుక చూశాడు, చివరికి నన్ను ధాన్యం కొట్టుకు తీసుకెళ్ళి కాంటా ఎక్కించాడు. అటువైపు జొన్నల బస్తా. బస్తా పైకి లేచింది. ఆయన తల పంకించి, నలభై రోజులకు సరిపడా సఫూఫ్ పొట్లాలు కట్టిచ్చాడు. సఫూఫ్ అంటే చూర్ణం. ఆ ముక్క మాత్రం పొట్లం విప్పగానే అర్థమైపోయింది, అడగాల్సిన పని లేకపోయింది.

ఆ చూర్ణం రుచి గురించి చెప్పను. అది నోట్లో వేసుకుంటే ఆకలి ముఖం తిప్పుకుని వెళ్ళిపోయేది. ఎంత ఇష్టమైన వంకాయ కూర ఎదురుగా పెట్టినా ఎవరో దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసేవాణ్ణి. ఒక జొన్నరొట్టె, ఇంత సొరకాయ కూర, అంతే. నలభై రోజులు అయ్యేసరికి నా ప్యాంటు నా సాయం లేకుండా నిలబడటం మానేసింది. ఇల్లుగలావిడ చొక్కాలన్నీ లోపలికి కుట్టింది. కాంటా మీద ఈసారి జొన్నలే గెలిచాయి.

హకీం సాబు సంబరం చూడాలి. సర్కారు దవాఖానా వచ్చాక, అందరూ సూదిమందుకు మరిగాక, ఆయన దుకాణం ముందు బల్ల మీద ఈగలు కూర్చునేవి. ఇప్పుడు వారానికోసారి అంగడి రోజున, అంటే సంత నాడు, వచ్చి కాసేపు ఆ బల్ల మీద కూర్చోమన్నాడు, అదొక్కటే కోరాడు. కూర్చున్నాను. ఆయన నన్ను లేపి, పక్కకు తిప్పి, పాత చొక్కా పట్టి చూపించేవాడు. అప్పుడే కొన్న గిత్తను చూసినట్టు జనం నా చుట్టూ తిరిగి చూసేవారు. టేక్మాల్ నుంచి, కుల్చారం నుంచి మనుషులు సఫూఫ్ కోసం రావడం మొదలైంది. నాకూ గర్వంగానే ఉండేది. సమాసాలు చెప్పినప్పుడు ఎవడూ నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

నలభై ఒకటో రోజున ఇక మందు లేదన్నాడు. నాకు గుండె జారింది. మందు లేకపోతే ఆకలి తిరిగి వస్తుంది కదా, వస్తే ఊరుకుంటుందా? ఇంకో నలభై పొట్లాలు ఇమ్మని బతిమాలాను.

"దవా తగ్గిస్తది సారూ. తగ్గినదాన్ని నిలబెట్టేది మీరు," అన్నాడాయన. "రోజు పొద్దుగాల నహార్ పేట్ ఖిల్లా ఎక్కి దిగుండ్రి. ఒక్క రోజు తప్పొద్దు. నహార్ పేట్, యాదుంచుకోండ్రి."

బస్టాండు దగ్గర హోటల్లో తెల్లవారగానే నహారీ దొరుకుతుంది. మేక కాళ్ళు, నాలుక వేసి రాత్రంతా ఉడికించిన పులుసు, దాంట్లో ముంచుకోవడానికి కుల్చా రొట్టె. మందు మొదలుపెట్టక ముందు ఆ హోటల్లో నాకు ఒక స్థిరమైన బెంచీ ఉండేది. పేట్ అంటే పొట్ట అని నాకు తెలుసు. ఇంక అడగడానికి ఏముంది? నహారి పేట్‌నందు కలవాడు ఎవడో వాడు, బహువ్రీహి సమాసం. నహారీ పొట్టలో వేసుకుని కొండ ఎక్కమంటున్నాడు. ఖిల్లా మెట్లెక్కాలంటే ఒంట్లో బలం ఉండాలి కదా. ఎంత ముందుచూపు ఉన్న వైద్యుడని దారి పొడుగునా ఆయన్ని మెచ్చుకుంటూ ఇంటికి వచ్చాను.

మర్నాటి నుంచి అంత నిష్ఠగా పథ్యం చేసినవాడు మెదక్‌లో మరొకడు ఉండడు. జ్వరం వచ్చిన రోజు కూడా మానలేదు. రెండు కటోరాలు నహారీ, నాలుగు కుల్చాలు, ఆపైన ఖిల్లా. సగం మెట్లెక్కాక ఆయాసం వచ్చేది, అది మందు ఒంట్లోంచి దిగిపోతున్న గుర్తు అనుకునేవాణ్ణి. శుక్రవారం నాడు దైవభక్తి కొద్దీ మూడో కటోరా.

వానాకాలంలో చొక్కాలు బిగిశాయి. తడికి బట్ట ముడుచుకుందని చాకలిని తిట్టాను. దసరాకు ప్యాంటు బొత్తం ఊడిపోయింది. మిల్లు దారం నాసిరకం అన్నాను. ఆ తర్వాత అంగడి రోజున బజారు వైపు పోకుండా సందులోంచి తిరిగి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. హకీం సాబుకు ఎదురుపడితే ఏమంటాడోనని భయం కాదు. జనం ముందు నన్ను లేపి పక్కకు తిప్పుతాడేమోనని భయం.

ఒకరోజు సందులోనే ఎదురుపడ్డాడు. నన్ను కిందినుంచి పైదాకా చూసి, నా చెయ్యి తీసుకుని నాడి పట్టాడు. చెప్పింది తప్పకుండా చేస్తున్నారా అని మెల్లగా అడిగాడు. నాకు రోషం వచ్చింది. ఒక్క పూట కూడా తప్పలేదని, ఆయన చెప్పినట్టే రోజూ నహార్ పేట్ ఖిల్లా ఎక్కుతున్నానని, కావాలంటే ఖిల్లా కాపలావాణ్ణి అడగమని గట్టిగా చెప్పాను. ఆయన నా చెయ్యి వదిలేసి, తన చేతివేళ్ళ వంక చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

వారం తర్వాత ఇల్లుగలావిడ నా చొక్కా ఒళ్ళో పెట్టుకుని, కుట్టు విప్పడానికి ఇంక బట్ట మిగల్లేదని చెప్పింది. అదే గొంతుతో ఇంకో మాట కూడా చెప్పింది. హకీం సాబు సఫూఫ్ జాడీ తీసుకెళ్ళి మురుగు మోరీలో గుమ్మరించాడట. తన చేతిలో షిఫా పోయిందని, అంటే హస్తవాసి పోయిందని, వచ్చినవాళ్ళందరినీ సర్కారు దవాఖానాకు పొమ్మంటున్నాడట. నెలాఖరుకు దుకాణం ఎత్తేస్తాడట.

నాకు ఎక్కడలేని జాలీ కోపమూ కలిసి వచ్చాయి. మందు పనిచేయకపోతే నేనేం చేస్తాను, నా వంతు నేను చేశానుగా, రోజూ రెండు కటోరాల నహారీ తిని మరీ కొండెక్కుతున్నానుగా అన్నాను.

ఆవిడ కత్తెర ఆగింది. "ఏం తిని?"

నేను మళ్ళీ చెప్పాను, సమాసంతో సహా.

ఆవిడ కత్తెర పక్కన పెట్టేసింది. "నహార్ పేట్ అంటే పరగడుపు, సార్. ఏం తినకుంట. ఈడ పోరగాండ్లకు సుత ఎర్కే."

ఆ రాత్రి నాకు ఆకలి వేయలేదు. సఫూఫ్ కూడా అంత బాగా పనిచేయలేదు.

మర్నాడు అంగడి. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఇంకో ఊరికి బదిలీ పెట్టుకోవచ్చు. హకీం సాబును ఇంట్లో ఒంటరిగా కలిసి చెవిలో చెప్పవచ్చు. అన్నీ ఆలోచించాను, సిగ్గు లేకుండా ఆలోచించాను. కానీ ఆయన పరువు పోయింది బల్ల ముందు, అందరి ఎదుట. చెవిలో చెబితే తిరిగి రాదు. వెళ్ళాను. బల్ల మీద టేక్మాల్ మనుషులు నలుగురు ఉన్నారు, వాళ్ళను దవాఖానాకు పొమ్మని ఆయన నచ్చచెబుతున్నాడు. నేను వాళ్ళ మధ్య నిలబడి, ఇన్నాళ్ళూ నేను ఏం తిన్నానో, ఎందుకు తిన్నానో, తెలుగు పంతులునై ఉండి ఒక్క మాటకు అర్థం అడగడానికి ఎంత నామోషీ పడ్డానో మొత్తం చెప్పేశాను.

ఎవరూ నవ్వలేదు. అందరూ హకీం సాబు వంక చూశారు.

"రోజు ఎన్ని కటోరలు?" అని అడిగాడు.

రెండని, శుక్రవారం మూడని చెప్పాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు. కళ్ళు మూసుకుని ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత నా భుజం పట్టి, లేపాల్సిన పని లేకుండా, పక్కకు తిప్పాడు.

"సూడుండ్రి," అన్నాడు టేక్మాల్ వాళ్ళతో. "నాలుగు నెలలు, రోజు రెండు కటోరలు. ఇంకోడైతే గీ తలుపుల పడుతుండెనా? సారు గింతనే లావైండు. గిది దవా తాకత్ కాకుంటే ఇంకేంది?"

వాళ్ళు నా చుట్టూ తిరిగి చూశారు. నిజమే అన్నారు. సాయంత్రానికి సంగతి కుల్చారం చేరింది. సఫూఫ్ కావాలని బల్ల నిండిపోయింది. జాడీ ఖాళీగా ఉంది కాబట్టి వచ్చే అంగడికి రమ్మని పంపేశాడు.

అందరూ వెళ్ళాక నన్ను ఉండమన్నాడు. జనం ముందు ఉన్న జోరు ఆయన మొహంలో లేదు. "వారం దినాల సంది ఎవరి నాడి పట్టలేదు, సారూ," అన్నాడు. నా చెయ్యి తీసుకుని నాడి చూశాడు. నాకు ఏడుపొచ్చింది. ఒక మాట అడగడానికి సిగ్గుపడి ఒక ముసలాయన చేత ఆయన జీవితమంతా మోరీలో పోయించాను కదా అనిపించింది.

తర్వాత మెదక్‌లో ఉన్న ఆరేళ్ళూ పరగడుపునే ఖిల్లా ఎక్కాను. మందు లేదు, పొట్లం లేదు, ఆకలి మాత్రం ప్రతి మెట్టు మీదా నాతో దెబ్బలాడేది. ఒక్క చొక్కా కుట్టు విప్పలేదు. ఆపైన గుంటూరుకు బదిలీ అయింది. మూడు నెలల్లో మళ్ళీ కుర్చీ నాతోపాటు లేవడం మొదలుపెట్టింది. ఇక్కడ నేను లావైతే పోయేది నా పరువొక్కటే మరి.